అడవి కొలువునకు అవతారిక

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అవతారికలో ఒక స్వప్నవృత్తాంతమును చెప్పినాడు. కళింగ దండయాత్రకు పోవుచు కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున విడిసిన రాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో సాక్షాత్కరించెను. అంతకుముందు రాయలు సంస్కృతమున రచించిన మదాలసచరిత్రము, జ్ఞానచింతామణి, రసమంజరి మున్నగు గ్రంథములను ఆ దేవుడే పేర్కొని, ఇక తెలుగున ఒక కావ్యము చెప్పుమని ఆజ్ఞాపించెను. తన గ్రంథముల పట్టికను తాను చదువక దేవునిచేత చదివించుకొనిన ఆ చమత్కారమును ఉపాధ్యాయుడు వివరించునపుడు తరగతిలో విద్యార్థులు నవ్వుదురు. కొన్నియేండ్లు గడచిన పిమ్మట ఆ విద్యార్థులలోనే ఒకడు ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయ కూర్చుండి, తనను గూర్చి తాను ఏమి చెప్పుకొనవలెనో తోచక కలము కొఱుకుచుండును. వాని కలలోనికి వచ్చి పట్టిక చదువు దేవుడు లేడు.

ఆత్మస్తుతి తగదను సంస్కారము మంచిదే. కాని అది రెండు విధములుగా వికటించుచున్నది. కొందఱు నిజముగా చేసిన పనిని సైతము చెప్పక దాచుకొందురు. మఱికొందఱు ఎక్కడనో దొరకిన నమూనానుండి విశేషణములను తెచ్చి పేర్చుదురు. "ప్రకృతియందు అపారమైన ప్రేమ", "కఠోరపరిశ్రమ", "నాయకత్వ లక్షణములు" - ఇట్టి మాటలు ఏ దరఖాస్తునందైనను ఇముడును. అన్నింట ఇముడును గనుకనే దేనికిని పనికిరావు. ఈ రెండు దోషములును మిక్కిలి నష్టము కలిగించు రంగము వన్యప్రాణి జీవశాస్త్రము. జంతుశాస్త్రమునో, వృక్షశాస్త్రమునో, అటవీశాస్త్రమునో చదివి, పులులను, పక్షులను, తాబేళ్లను పరిశీలించు కొలువు కోరు యువతీయువకులు నేడు తెలుగునాట పలువురు కలరు. వారి చదువునకు లోటు లేదు. రెజ్యూమే అనియు, బయోడేటా అనియు పిలువబడు ఆ రెండు పుటల పత్రమునొద్దనే వారు తప్పటడుగు వేయుచున్నారు.

ఈ రంగమందలి కొలువులన్నియు ఒకే ద్వారమున లభించునవి కావు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసునకు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష కలదు. రేంజి ఆఫీసరు వంటి రాష్ట్రపదవులకు రాష్ట్ర కమిషన్లు పరీక్షలు జరుపును. అచ్చట మార్కులే మాటలాడును. రెజ్యూమేకు పెద్దగా చోటు లేదు. డెహ్రాడూనులో 1982లో వెలసిన భారత వన్యప్రాణి సంస్థ, 1883లో పుట్టిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, పులుల అభయారణ్యములు, పలు స్వచ్ఛంద సంస్థలు తమ ప్రాజెక్టులకు జూనియర్ రీసెర్చి ఫెలోలను, ప్రాజెక్టు సహాయకులను, ఫీల్డు బయాలజిస్టులను తీసికొనునపుడు మొదట చూచునది ఆ పత్రమునే. ఈ కొలువులు ప్రాయికముగా ప్రాజెక్టు ఉన్నంతవఱకే ఉండునవి. 2023 జనవరి నుండి కేంద్ర ప్రభుత్వము జూనియర్ రీసెర్చి ఫెలోకు నిర్ణయించిన భృతి నెలకు 37,000 రూపాయలు. అన్ని ప్రాజెక్టులలో అంతయు లభించునని అనుకొనరాదు. ఐనను ఒక్కొక్క స్థానమునకు వచ్చు దరఖాస్తులకు కొదువ లేదు.

ఆ దరఖాస్తులను ముందు పెట్టుకొని కూర్చుండిన శాస్త్రజ్ఞుని స్థితిని విద్యార్థి ఒకసారి ఊహించుకొనవలెను. ఎన్నుకొనిన మనిషిని ఆయన ఫోను అందని బేస్ క్యాంపునకు నెలల తరబడి పంపవలసియున్నది. అచ్చట ఆ మనిషి ఏమి చేయుచున్నది చూచుటకు ఆయన ఉండడు. సంవత్సరాంతమున ఆ మనిషి తెచ్చిన అంకెలనే నమ్మి నివేదిక వ్రాయవలెను. కావున ఆయన మనస్సులో మెదలు ప్రశ్నలు రెండే. ఈ మనిషి అడవిలో నిలువగలడా? ఈ మనిషి తెచ్చిన లెక్కను నమ్మవచ్చునా? జంతువులను ప్రేమించునా అను ప్రశ్న ఆయనకు తోచనే తోచదు. ప్రేమ లేనివాడు ఆ జీతమునకు ఆ దోమలలోనికి పోవునా?

ఈ రెండు ప్రశ్నలకు సమాధానము పట్టములలో మాత్రమే దొరకదనుటకు సలీం అలీ జీవితమే నిదర్శనము. ఆయన 1896లో బొంబాయిలో జన్మించెను. విశ్వవిద్యాలయ పట్టము లేని కారణమున ఆయనకు జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షిశాస్త్రజ్ఞుని పదవి దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియమున గైడు లెక్చరరుగా నెలకు 350 రూపాయల జీతముపై చేరెను. 1928లో సెలవు పెట్టి జర్మనీకి పోయి, బెర్లినులో ఎర్విన్ స్ట్రెసెమాన్ యొద్ద శిక్షణ పొందెను. తిరిగివచ్చునప్పటికి, నిధులు లేవని ఆ లెక్చరరు పదవినే తీసివేసియుండిరి. పట్టము లేదు, కొలువును లేదు. అట్టి స్థితిలో బొంబాయికి చేరువనున్న కిహీం అను సముద్రతీర గ్రామమున కాపురముండి, 1930 వర్షాకాలమున ఆయన గిజిగాని గూళ్లకు ఎదురుగా మాటున గంటలకొలది కూర్చుండెను. మగ గిజిగాడు గూటిని సగమువఱకు అల్లి ఆడుపక్షికి చూపుననియు, అది మెచ్చి ప్రవేశించిన పిమ్మట గూటిని పూర్తిచేసి, మఱియొక గూటిని మఱియొక ఆడుదానికై మొదలుపెట్టుననియు ఆ పరిశీలనవలన తేలినది. నిరుద్యోగములో గడచిన ఆ కాలమే ఆయన రెజ్యూమేలో అన్నింటికంటె విలువైన పంక్తియైనది.

అటుపిమ్మట ఆయన సంస్థానములకు ఒక ప్రతిపాదన పంపెను. తనకు జీతము వలదు; శిబిరముల ఖర్చు భరించినచో ఆ సంస్థానమందలి పక్షులను సర్వే చేసి ఇత్తునని దాని సారము. నేటి తెలంగాణ జిల్లాలు చేరియుండిన నాటి హైదరాబాదు సంస్థానమున 1931-32లో జరిగిన పక్షిసర్వే అట్టిదే. దాని ఫలితములు బొంబాయి సొసైటీ జర్నలులో వెలువడినవి. జీతము లేని పనిని యువకులు అదే పనిగా అంగీకరించవలెనని దీని భావము కాదు. ఇంటిలో పొయ్యి మండవలసిన విద్యార్థికి అట్టి సలహా చెప్పుట అన్యాయము. కాని పని జరిగిన తావు, ఋతువు, రీతి, ఫలితము ఇట్లు లెక్కకు దొరకునట్లుండినచో, జీతము లేకుండ చేసిన పనియు అనుభవముగనే పరిగణింపబడునని తెలిసికొనవలెను.

సలీం అలీ బాల్యమునాటి ఒక చిన్న వ్రాత ఇంకను విలువైనది. దానిని ఆయన 1985లో వెలువడిన తన స్వీయచరిత్ర "ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో"లో ఉదాహరించినాడు. పదేండ్ల ప్రాయమున, 1906-07 ప్రాంతమున, ఆ బాలుడు ఒక పిచ్చుక గూటియొద్ద ఎయిర్‌గన్నుతో మాటువేసెను. గూటిలో ఆడుపిచ్చుక గుడ్లపై నుండగా, బయట కావలి కూర్చుండిన మగదానిని కొట్టెను. కొలదికాలములోనే ఆడుది మఱియొక మగదానిని తెచ్చుకొనెను. అట్లు ఏడు దినములలో ఎనిమిది మగపిచ్చుకలు ఆ ఒక్క తావున కూలినవి. నేడు అది ఎవ్వరును అనుకరింపదగిన పని కాదు. వ్రాసిన బాలునికిని నాడు అది వేటగాని గొప్పయే. ఐనను ఎచ్చట, ఎన్ని దినములు, ఎన్ని పక్షులు, ఏమి జరిగినది అను నాలుగు విషయములు ఆ వ్రాతలో నున్నవి. కనుకనే దశాబ్దములు గడచిన పిమ్మటను అది శాస్త్రమునకు పనికివచ్చినది. "పిచ్చుకలన్న నాకు మిక్కిలి ఇష్టము" అని ఆ బాలుడు వ్రాసియుండినచో దానిని ఆయనయే మఱచియుండును.

మంచి రెజ్యూమే రహస్యమంతయు ఇంచుమించుగా ఇదియే. దరఖాస్తు పెట్టు రాత్రి అది పుట్టదు. మూడు నాలుగేండ్లు ముందుగా నోటుబుక్కులో పుట్టును. ఒక విద్యార్థిని తన పత్రములో "నేలపట్టులో పక్షులను పరిశీలించితిని" అని వ్రాసినదనుకొందము. చదువువారికి ఏమి తెలిసినది? విహారయాత్రకు పోయిన బస్సు దిగి చూచినను అది పరిశీలనయే. అదే విద్యార్థిని తన నోటుబుక్కు తెఱచి, "2024 జనవరి, నాలుగు దినములు, ఆసియా నీటిపక్షుల గణనలో భాగముగా, నేలపట్టు చెఱువున ఉదయము ఆఱు నుండి పది వఱకు, స్పాటింగ్ స్కోపుతో గూడబాతుల గూళ్లను లెక్కించితిని, ప్రతి లెక్కను ఇద్దఱము వేఱువేఱుగ చేసి సరిపోల్చితిమి" అని వ్రాసినచో సంగతి మాఱిపోవును. అచ్చట ప్రేమ అను మాట లేదు. ఉదయము ఆఱు గంటలకు చెఱువుగట్టున నిలిచినదన్న మాట మాత్రము ఉన్నది. ఇద్దఱు వేఱువేఱుగ లెక్కించిరన్న మాటవలన రెండవ ప్రశ్నకును సమాధానము వచ్చినది.

"కెమేరా ట్రాపుల పని తెలియును" అను వాక్యమును అట్టిదే. 2022 నాటి అఖిల భారత పులుల గణనలో 32,588 తావులలో కెమేరాలు అమర్చిరి. వానిలో పడిన చిత్రములు 4,70,81,881. అందులో పులుల చిత్రములు 97,399 మాత్రమే. అనగా సుమారు నాలుగువందల ఎనుబది చిత్రములకు ఒక్క పులి. మిగిలినవానిలో దుప్పులు, అడవిపందులు, పశువులు, మనుష్యులు, గాలికి ఊగిన గడ్డిపోచలు. ఈ లెక్క తెలిసినవానికి అసలు పని ఏదో తెలియును: బ్యాటరీలు మార్చుట, కార్డులు తీయుట, గడియారము సరిచూచుట, వేలకొలది చిత్రములను ఒక్కొక్కటిగా చూచి పేరు పెట్టుట. పులిని కన్నులార చూచితినని వ్రాయువానికంటె, నలుబది తావుల కెమేరాలను రెండు నెలలు కనిపెట్టుకొని, ఇన్నివేల చిత్రములను వర్గీకరించితినని వ్రాయువాడు ఎన్నికచేయువారి కంటికి ఆనును. పులిని చూచుట అదృష్టము. అదృష్టమును రెజ్యూమేలో వ్రాసికొనుట దండుగ.

ఇచ్చట తెలుగు భాష చేయగల ఒక మేలు కలదు. ఈ పత్రములు సాధారణముగా ఇంగ్లీషున వ్రాయబడును. ఇంగ్లీషు రెజ్యూమేలో క్రియకు ముందు కర్తను వదలివేయుట వాడుక. లెక్కించినది ఒక్కడా, పదిమంది గుంపా అను సంగతి ఆ వాక్యమున తెలియదు. తెలుగు క్రియ అట్లు దాచనీయదు. "లెక్కించితిని" అన్నచో ఒక్కడు. "లెక్కించితిమి" అన్నచో పలువురు. "లెక్కింపబడినవి" అన్నచో ఎవరు లెక్కించిరో చెప్పుటకు వ్రాయువానికి ఇష్టము లేదన్నమాట. కావున విద్యార్థి తన అనుభవమును మొదట తెలుగున వ్రాసికొని, ప్రతి క్రియయొక్క చివఱి అక్షరమును పరీక్షించుకొనుట మంచిది. "-తిని" ఉన్నచోట నిజముగా తానొక్కడే చేసెనా? "-తిమి" ఉన్నచోట తన వంతు ఏది? ఆ సమాధానములతో ఇంగ్లీషు వాక్యమును కట్టినచో, ఇంటర్వ్యూలో ఎంత త్రవ్వి అడిగినను తడబాటుండదు. వ్యాకరణము ఉద్యోగమునకు పనికిరాదనువారు ఈ ఒక్క సంగతిని గమనింతురు గాక.

నేర్పులను చెప్పునపుడును ఇట్టి వివేచనయే కావలెను. పలువురి పత్రములలో చివర ఒక గంప కనబడును: జి.పి.ఎస్., జి.ఐ.ఎస్., రేడియో టెలిమెట్రీ, డిస్టెన్స్ శాంప్లింగ్, ఆర్ అను గణాంక సాఫ్ట్‌వేరు. వీనిలో ఏది ఇతరులు చేయగా చూచినది, ఏది స్వయముగా చేసినది, ఏది ఇంకొకరికి నేర్పగలది? మూడును ఒకే గంపలో వేసినచో, చదువువాడు అన్నియు చూచినవే అనుకొనును. "లైన్ ట్రాన్సెక్టులు నడచి, దుప్పుల గుంపులకు దూరమును రేంజ్‌ఫైండరుతోను, కోణమును దిక్సూచితోను కొలిచితిని" అన్నచో ఆ నేర్పునకు చేతులు, కాళ్లు వచ్చును. ఆర్, క్యూజిఐఎస్ అను రెండు సాఫ్ట్‌వేర్లును ఉచితముగా లభించునవే. పల్లెటూరి కళాశాల విద్యార్థియు వానిని నేర్వవచ్చును. మోటారుసైకిలు లైసెన్సు, ఈత, ప్రథమచికిత్సలో శిక్షణ అల్పములని వదలివేయరాదు. వాగు దాటవలసిన చోట స్వర్ణపతకము ఈదదు.

భాషలను గూర్చి ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. నల్లమల అంచుననో, ఏటూరునాగారము ప్రాంతముననో పుట్టిన విద్యార్థి తనకు ఇంగ్లీషు, హిందీ వచ్చునని వ్రాసి, ఇంట మాటలాడు కోయభాషనో, లంబాడీనో, గోండీనో వ్రాయక వదలును. చిన్ననాడు మేకల వెంట తిరిగి నేర్చిన జాడలను, చెట్ల పేర్లను చెప్పుకొనుటకు సిగ్గుపడును. నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యములోని బేస్ క్యాంపులలో పనిచేయువారిలో చెంచులు కలరు. వారితో కలిసి నడువగల, వారు చెప్పినదానిని చెప్పినట్లు వ్రాసికొనగల మనిషి ఆ అడవికి ఎంత అవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ విద్యార్థి సిగ్గుతో వదలిన పంక్తిని మఱియొకడు వేలరూపాయలు పోసి శిక్షణాశిబిరములలో కొనుక్కొనజూచును, కొనలేడు.

కలివికోడి కథ ఈ సత్యమునకు సాక్ష్యము. 1848లో శాస్త్రలోకమునకు పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత ఎవ్వరికిని కానరాలేదు. అంతరించినదనియే తలచిరి. 1986 జనవరిలో బొంబాయి సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతమున దానిని మరల కనుగొనెను. ఆ పక్షిని పట్టియిచ్చినవాడు ఐతన్న అను స్థానికుడు. శాస్త్రజ్ఞులకు ఎనుబదియాఱేండ్లు దొరకని పక్షి అచ్చటి వేటగానికి ఎఱుకయే. పేరు గల సంస్థ, పట్టము గల శాస్త్రజ్ఞుడు, పొదల గుట్టు తెలిసిన పల్లెవాడు ముగ్గురును కలిసినప్పుడే ఆ పని నెఱవేఱినది. అట్టి కూడికలో తాను ఎవరి ప్రక్క నిలిచి, ఎవరియొద్ద ఏమి నేర్చెనో చెప్పగల రెజ్యూమే అరుదు. చెప్పినచో అది బలమేగాని లోపము కాదు.

ఆ పక్షి రాత్రించరము, పొదలలో మెలగునది. కనులకు చిక్కుట దుర్లభము. కావున 2000 ప్రాంతమున పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టితో పట్టీలు పఱచి, వానిపై పడు పాదముద్రలను ప్రతి ఉదయము పరీక్షించిరి. తమంత తామే పనిచేయు కెమేరాలనును నిలిపిరి. పక్షి అడుగుపడని ఉదయములు ఎన్నియో! ఆ శూన్యదినములును లెక్కలో చేరవలసినవే. పక్షి ఎచ్చట లేదో తెలియకున్నచో ఎచ్చట ఉన్నదో చెప్పుటకు విలువ లేదు. కొంతకాలమునకు, 2005లో, తెలుగుగంగ కాలువ పనులు ఆ పక్షి నివాసమునకు చేరినప్పుడు, దాని ఉనికిని గూర్చి అట్లు కూడబెట్టిన ఆధారములు అక్కఱకు వచ్చి కాలువ మార్గము మార్చబడినది. "అఱువది రాత్రులు వెదకితిమి, ఒక్కసారియు కానరాలేదు" అను వాక్యమును రెజ్యూమేలో వ్రాయుటకు విద్యార్థులు జంకుదురు. పరీక్షలో సున్న వచ్చినట్లు భావింతురు. ఎన్నికచేయు శాస్త్రజ్ఞుడు ఆ వాక్యమునొద్ద ఆగి, ఈ మనిషి నిలువగలవాడని గుర్తుపెట్టుకొనును.

లెక్క తప్పినప్పుడు ఏమి జరుగునో రాజస్థానమందలి సరిస్కా చెప్పును. పదికి మించి పులులున్నవని లెక్కలు చెప్పుచుండగనే, ఆ అభయారణ్యమున ఒక్క పులియు మిగులలేదని 2005లో తేలినది. వేటగాండ్రు పులులను అపహరించుచుండగా కాగితముపై అంకెలు మాత్రము క్షేమముగ నున్నవి. పులులు లేనిచోట పులులను వ్రాయుటయు, చేయని సర్వేను రెజ్యూమేలో వ్రాయుటయు ఒక్క చేతి అలవాటే. మూడు దినములు పోయినదానిని మూడు వారములని వ్రాయువాడు, రేపు నడువని ట్రాన్సెక్టునకు అంకెలు నింపడని నమ్మకమేమి? ఈ రంగము చిన్నది. ఒక ప్రాజెక్టు నడిపినవాడు మఱియొక ప్రాజెక్టు నడుపువానిని ఎఱుగును. ఒక్క ఫోనుతో అబద్ధము బయటపడును. వ్యాసముల సంగతియు అంతే: ప్రచురితమైనది, అంగీకరింపబడినది, పంపబడినది, వ్రాయుచున్నది అను నాలుగు దశలకు నాలుగు మాటలు కలవు, వ్రాయుచున్నదానిని ప్రచురితముల వరుసలో నిలుపరాదు.

అబద్ధము కాకున్నను కీడుచేయు గొప్పలు కొన్ని కలవు. "మూడువందల పాములను పట్టితిని" అని వ్రాసి, మెడలో నాగుపాముతో తీయించుకొనిన ఫొటోను జతపఱచు యువకులు కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేట అను మాటకు చంపుట అనియే అర్థము చెప్పలేదు. పట్టుటయు, ఉచ్చు వేయుటయు అందులో చేరినవే. అధ్యయనమునకైనను అభయారణ్యమున ప్రవేశించుటకు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావలెను. కావున అట్టి పంక్తి వీరత్వమునకు గుర్తు కాదు. తనపై తాను వ్రాసికొనిన నేరపత్రము. నిజముగా అటవీశాఖవారి అనుమతితో, వారి సిబ్బందికి తోడుగ పామును ఇంటినుండి తప్పించినచో, ఆ అనుమతిని, శిక్షణ ఇచ్చినవారిని, విడిచిన తావును వ్రాయవలెను. అట్లు వ్రాసిన రెండు సంఘటనలు మూడువందల పాములకంటె బరువు తూగును. ఫొటో అవసరమే లేదు.

బయోడేటా అను పేరుతో మన ఇండ్లలో తిరుగు మఱియొక కాగితము కలదు. అది పెండ్లి సంబంధములకు పంపునది. రెంటికిని పేరొక్కటే యగుటచేత కాబోలు, తండ్రి పేరు, మతము, ఎత్తు, చామనచాయ, వివాహితుడా కాడా అను వివరములు ఉద్యోగపు కాగితములోనికి జొరబడుచున్నవి. ప్రకటనలో కోరకున్నచో ఇవి యేవియు వలదు. ఆ చోటును పనికి ఇయ్యవచ్చును. "పేరెన్నికగన్న సంస్థలో సవాలుతో కూడిన పదవిని కోరుచున్నాను" అని మొదట వ్రాయు లక్ష్యవాక్యమును తీసివేసినచో ఏ నష్టమును లేదు. దాని బదులు ప్రకటనలో అత్యవసర అర్హతలుగా చెప్పినవి ఏవో చూచి, ఆ వరుసనే తన అనుభవమును ముందుకు తెచ్చుకొనవలెను. ఏనుగుల ప్రాజెక్టునకు పంపునపుడు ఏనుగుల పంటనష్టముపై చేసిన పని మొదటి పుటలోను, తాబేళ్ల గూళ్ల పని రెండవ పుటలోను ఉండును. తాబేళ్ల ప్రాజెక్టునకైనచో తారుమారు. అంతమాత్రమున నిజము మాఱదు. ప్రారంభదశలో రెండు పుటలు చాలును.

ఇక రెఫరీలు. రాయల కలలో ఆంధ్రమహావిష్ణువు వహించిన స్థానమును నేడు వహించువారు వీరే. విద్యార్థి తన నోట చెప్పుకొనిన సంగతిని మఱియొక నోట ధ్రువపఱచువారు ఇద్దఱు ముగ్గురు పత్రము చివర ఉందురు. పెద్దపేరు గలవారిని వేసికొనవలెనను ఆశ పలువురకు కలదు. ఒక్కసారి సభలో నమస్కరించిన శాస్త్రజ్ఞుని పేరుకంటె, మూడేండ్లు నోటుబుక్కు దిద్దిన కళాశాల అధ్యాపకుని పేరు మేలు. శిబిరమున ప్రక్కన నడచిన రేంజి ఆఫీసరు పేరు ఇంకను మేలు. అనుమతి అడుగకుండ ఎవ్వరి పేరును వ్రాయరాదు.

ఉపాధ్యాయుల బాధ్యతయు ఇచ్చటనే కలదు. "ఈ విద్యార్థి సత్ప్రవర్తన గలవాడు, తెలివైనవాడు" అని వ్రాసి సంతకము చేసి ముద్ర వేయుటతో పని తీఱదు. సత్ప్రవర్తనను అడవి అడుగదు. వర్షములో తడిసియు డేటా కాగితమును తడువనీయలేదా, తప్పు లెక్కను తానే వచ్చి ఒప్పుకొనెనా, తోడివానికి జ్వరము వచ్చినప్పుడు ఏమి చేసెను - ఇట్టి ఒక్క సంఘటనను గుర్తుంచుకొని వ్రాసిన ఉపాధ్యాయుని లేఖ ఒక జీవితమును నిలుపగలదు. ఆ పని ఉన్నతపాఠశాలలోనే మొదలుపెట్టవచ్చును. ఫిబ్రవరిలో జరుగు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంటునకు డబ్బు అక్కఱలేదు. బడి ఆవరణయందలి వేపచెట్టు క్రింద పదునైదు నిమిషములు కూర్చుండి, వచ్చిన పక్షులను లెక్కించి, ఈ-బర్డ్‌లో నమోదు చేసినచో చాలును. తేదీ, వేళ, తావు, సంఖ్య వ్రాసిన ఆ పుటపై ఉపాధ్యాయుడు చిన్న సంతకము పెట్టినచో, పదేండ్ల పిమ్మట వ్రాయబడు రెజ్యూమేకు మొదటి పంక్తి అప్పుడే సిద్ధమగును.

ఒక్క భేదము మాత్రము ఉన్నది. రాయల గ్రంథముల పేర్లను దేవుడు మఱువలేదు. ఉపాధ్యాయుడు మనుష్యుడు, ఏటేట వందమంది విద్యార్థులు ఆయన ఎదుట కూర్చుండి లేచి పోవుదురు. కావున దరఖాస్తు పంపిన దినముననే రెజ్యూమే ప్రతిని, ప్రకటన ప్రతిని, తాను ఆయనయొద్ద చేసిన పనిని గుర్తుచేయు నాలుగు వాక్యములను ఆయనకు పంపవలెను. ఫోను వచ్చినప్పుడు ఆయన ఆ కాగితమును ముందు పెట్టుకొని మాటలాడును.